రుచి చూడకుండా వండిన చప్పిడి కూర

ఈమధ్య మా చుట్టాల్లో ఒకామెకు కిడ్నీల జబ్బని తేలింది. ఆమె కోడలు ఫోన్ చేసి, "ఏం వండినా మొఖం తిప్పుకుంటుందమ్మమ్మా, రోజూ అదే సొరకాయ, అదే ఏడుపు" అని తనే ఏడ్చింది. ఆ పిల్లకు చెప్పిన సంగతే ఇక్కడ రాస్తున్నాను. నేను వైద్యం చెప్పడం లేదు. ఏది తినాలో, ఏది ముట్టకూడదో డాక్టరు చెబుతాడు, అది ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా ఉంటుంది. ఆయన సరేనన్నదాన్ని మనిషి నోట్లోకి ఎట్లా పంపాలన్నదే మన పని. ఆ పనిలో నేను పడ్డ పాట్లు మాత్రం నాకు బాగా తెలుసు.

యాభైల నాటి మాట. నేను అత్తగారింట్లో కొత్త కోడలిని. సంగారెడ్డి పోయే దారిలో లక్డారం దగ్గర ఊరు. ఇప్పుడు ఆ దారిలో కంపెనీ బస్సులు బొల్లారం ఫ్యాక్టరీల షిఫ్టులకు మనుషులను నింపుకొని పోతున్నాయి. అప్పుడు రెండు పక్కలా జొన్న చేలు, నడుమ బండ్ల బాట, అంతే. కంకులు పాలు పోసుకున్నప్పుడు గాలికి వచ్చే ఆ పాల వాసన నాకిప్పటికీ ముక్కులో ఉంది. ఇప్పుడక్కడ ఫ్యాక్టరీల కంపుకు కారు అద్దాలు ఎక్కించుకొని పోవాలి.

మా మామ తిండి మనిషి. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కొని కూర్చుంటే జొన్నరొట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ పోవాల్సిందే. పక్కన మామిడికాయ తొక్కు, నూనెలో వేయించిన ఊరమిరపకాయలు. ఆయన ఊరమిరపకాయ కొరికితే ఆ కరకర వీధిలోకి వినబడేది. అట్లాంటి మనిషికి ఒకనాడు పొద్దున కళ్ల కింద ఉబ్బు వచ్చింది. తర్వాత కాళ్లు. వేలు పెట్టి నొక్కితే గుంట పడి, అది నిండడానికి చాలాసేపు పట్టేది. మా ఇంటాయన బండి కట్టి రోడ్డు దాకా తీసుకుపోయి, అక్కడ బస్సెక్కించి సంగారెడ్డి దవాఖానలో చూపించాడు. అత్త కూడా పోయింది.

సాయంత్రం దిగీ దిగంగానే అత్త నాతో చెప్పింది: "గుర్దలు ఖరాబైనయంట పిల్లా. ఉప్పు బందు. పప్పు బందు. మాంసం పేరెత్తొద్దు. నీళ్లు గూడ కొలిచి ఇయ్యాలంట. ఇగ నువ్వే సూసుకోవాలె."

గుర్దలంటే కిడ్నీలే. ఇంకో మాట మా ఇంటాయన చెప్పాడు. తిండి మానేస్తే మనిషి నిలవడు, చప్పగా అయినా కడుపు నిండా తినాల్సిందేనని డాక్టరు గట్టిగా చెప్పాడట. ఉప్పు తింటే ఉబ్బి పోతాడు, తిండి తినకపోతే ఎండి పోతాడు. ఆ రెంటి నడుమ మనిషిని నిలబెట్టే పని నా పొయ్యి మీద పడింది.

అత్త ఒక చిన్న మట్టి గురిగి తెచ్చి ఇచ్చింది. మామకు అందులో వేరుగా వండాలి. పథ్యమంటే అన్నీ మానాలని ఆమె పట్టింపు. డాక్టరు ఉప్పు, పప్పు, మాంసం వద్దంటే, అత్త తన వంతుగా కారం తీసేసింది, ఉల్లిగడ్డ తీసేసింది, ఎల్లిగడ్డ తీసేసింది, పోపు తీసేసింది. మిగిలింది సొరకాయ, నీళ్లు. అవే ఉడకేశాను. మరునాడు బీరకాయ, నీళ్లు. ఆ మరునాడు పొట్లకాయ, నీళ్లు. రోజుకో కూర మారుస్తున్నాను కదా అని నాలో నేను మురిసిపోయాను కూడా.

ఇక్కడ ఆ రోజుల పద్ధతి ఒకటి చెప్పాలి. వండే ఆడది వంటను రుచి చూడకూడదు. ఇంటి పెద్ద తినకముందు గరిటె నాలుకకు తగిలితే కుండంతా ఎంగిలి. ఉప్పూ కారం మేము చేతి లెక్కన వేసేవాళ్లం, చెయ్యి తప్పేది కాదు. రోగి కోసం వండింది మిగిలినా ఇంకొకరు తినకూడదని అత్త మరో పట్టింపు. దాంతో మామ గురిగిలో ఏముందో నా నాలుకకు ఏనాడూ తెలియదు. ఇంకోటి, కోడలు మామతో మాట్లాడకూడదు. ఎదురుపడితే కొంగు ముందుకు లాక్కొని పక్కకు తప్పుకోవాలి. ఆయనకు మంచినీళ్లు కావాలన్నా "ఇంట్ల ఎవలన్న ఉన్నరా" అని దూలాన్ని అడిగేవాడు. నేను చెంబు గడప మీద పెట్టి వెనక్కి వచ్చేదాన్ని. వంటిల్లు వెనక దొడ్లో, ఆయన తినేది ముందర అర్రలో. కంచం తీసుకుపోయేది అత్త, తెచ్చేది అత్త.

"మామ ఏమన్నడత్తా?" అని రోజూ అడిగేదాన్ని.

"మంచిగుందన్నడు బిడ్డా."

ఖాళీ కంచం నా ముందు పెట్టేది. నేను సంబరపడి మరునాడు మళ్లీ సొరకాయ, నీళ్లు.

మొదట్లో వాపు కొంత తగ్గింది. అంతలోనే మళ్లీ వచ్చింది, ఈసారి ముందుకంటే ఎక్కువగా. మళ్లీ బండి, మళ్లీ బస్సు. దవాఖానలో జరిగింది మా ఇంటాయన వచ్చి చెప్పాడు, చెబుతూ తలకాయ కొట్టుకున్నాడు. ఏం తింటున్నాడని డాక్టరు అడిగితే అత్త ఒట్టేసి చెప్పిందట: "ఉప్పు గల్లు ముట్టలే సారూ! సప్పిడి కూడే పెడుతున్నం. నోరు సప్పగుందంటడని రెండు ఊరమిరపకాయలు నూనెల గోలిచ్చి ఇస్తున్న, గంతే."

"దాంట్లో ఉప్పు లేదా అమ్మా?" అన్నాడట డాక్టరు.

"గది పోయిన ఎండకాలం ఏసిన ఉప్పు కద సారూ! గిప్పుడేడిది?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడట. తర్వాత తొక్కు, వడియం, అప్పడం, ఊరమిరపకాయ, ఎప్పుడు వేసినా ఉప్పు ఉప్పేనని వేళ్లు మడిచి చెప్పాడట. ఇంకోసారి ఇట్లా ఉబ్బితే తన చేతిలో ఉండదని కూడా అన్నాడు.

మా అత్తను చూసి నవ్వకండి. ఆ ఊళ్లో ఎవరిని అడిగినా అదే చెప్పేవాళ్లు. ఉప్పంటే ఆ పూట చేత్తో వేసేది. జాడీలో ఏడాదిగా ఊరినదాన్ని ఉప్పుగా ఎవరూ లెక్కపెట్టేవాళ్లు కాదు.

జాడీలన్నీ అటక ఎక్కాయి. మామకు ఇక నేను వండిందే దిక్కు. అప్పుడు మొదలైంది అసలు కష్టం. కంచం ఎప్పటిలాగే ఖాళీగా వస్తోంది, అత్త ఎప్పటిలాగే మంచిగుందన్నడని చెబుతోంది. మనిషి మాత్రం కరిగిపోతున్నాడు. వాపు దిగాక లోపల ఏమీ మిగల్లేదన్నట్టు మెడ ఎముకలు బయటికి వచ్చాయి. ధోతి రెండు చుట్లు ఎక్కువ తిరుగుతోంది. గోడ పట్టుకొని లేస్తున్నాడు. తింటున్న మనిషి ఇట్లా ఎందుకవుతాడు?

ఒక పగలు బర్రెకు కుడితి పెడదామని గోలెం దగ్గరికి పోయాను. తవుడు నీళ్ల మీద సొరకాయ ముక్కలు తేలుతున్నాయి. నేను కోసిన ముక్కలే, నా కత్తి వాటం నాకు తెలియదా? ఒక్కదానికీ పన్ను గాటు లేదు.

అత్త పెరట్లో చేటతో బియ్యం చెరుగుతోంది. పోయి ఎదురుగా నిలబడ్డాను. "గిదేంది అత్తా? మంచిగుందన్నడంటివి!"

ఆమె చేట ఆపలేదు. "కొత్త పిల్లవు. ఏడుస్తవని."

"మామ ఏమన్నడో చెప్పు."

"ఎందుకు బిడ్డా ఇప్పుడు."

"చెప్పత్తా."

"'గీ కూడు తినుడు కంటే ఉబ్బి సచ్చుడే నయం' అన్నడు." చెప్పి చేట కింద పెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రెండు బుక్కలు తింటడు, కంచం నూకుతడు. నేనేం జెయ్యాలె చెప్పు?"

నాకు కోపం రాలేదు, భయమేసింది. ఆ మంచితనంతోనే మా అత్త ఆయనను మూడొంతులు ఎండబెట్టింది. నాకు నిజం చెప్పి ఉంటే ఏడ్చేదాన్నే గానీ, ఏడ్చి ఇంకేదన్నా వండేదాన్ని.

గోడకు అవతల ఉండే సాయబుల ఆమెను నేను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేదాన్ని. ఆమె ఇంటాయన ఊళ్లో అందరికీ బట్టలు కుట్టేవాడు. పిట్టగోడ మీదుగా మాకు నిప్పు, మజ్జిగ, కరివేపాకు అటూ ఇటూ పోతుండేవి. నా మొఖం చూసి, "ఏందే బేటీ, గట్ల పరేషాన్ ఉన్నవ్?" అంది. అంతా చెప్పాను.

విని ఒకటే అడిగింది. "నువ్వు తిని సూసినవా?"

"ఎట్ల సూస్త ఖాలా? మామ తినకముందు..."

"అయ్యో పిచ్చిదానా! మేము రోజాల ఉపాసముంటే గూడ, మొగుడు కోపిష్టోడైతే, వండెటామె జెర నాలుక కొస మీద పెట్టి సూసి ఉమ్మేయొచ్చంటరు. దేవుడే గంత సందు ఇడిస్తె మీ అత్త ఇయ్యదా?" నవ్వింది. "మా ఆయనకైతే నేను రోజూ సూడాలె."

ఆ మధ్యాహ్నం వంటింటి తలుపు దగ్గరికి వేసి గురిగిలో వేలు ముంచాను. నాలుక మీద పెట్టుకున్నాను. తడిగుడ్డ నమిలినట్టుంది. ఉప్పు లేకపోతే పోయింది, అందులో ఏదీ లేదు. ఘాటు లేదు, పులుపు లేదు, వాసన లేదు, పంటి కింద పడేది లేదు. ఇన్ని రోజులు ఆ మనిషికి నేను పెట్టింది ఇదా అనిపించింది.

ముందు మా ఇంటాయనను మళ్లీ సంగారెడ్డికి పంపించాను. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, మిరియం, జీలకర్ర, ధనియాలు, నిమ్మకాయ, నూనె, ఒక్కొక్కటి పేరు పెట్టి అడగమన్నాను. అన్నిటికీ డాక్టరు తలూపాడట, మితంగా వాడమన్నాడట. "ఇవి నేనెప్పుడు వద్దన్నాను?" అని ఎదురు అడిగాడట. అది విని అత్త "పత్తెమంటే గట్లనే ఉంటదనుకున్న" అని సణిగింది.

ఇక మిగిలింది మామ నోరు ఏమడుగుతోందో తెలుసుకోవడం. అత్త నోటి మీదుగా వస్తే అది మళ్లీ "మంచిగుంది" అయి వస్తుంది. మరునాడు అత్త వెనకే నడిచి ముందర అర్ర తలుపు పక్కన నిలబడ్డాను. కొంగు ముందుకు లాక్కొని, "మామా, కూర ఎట్లున్నది?" అన్నాను.

అత్త చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. మామ దూలం వంక చూశాడు. దూలంతోనే అన్నాడు: "అడిగెటోళ్లకు చెప్పుర్రి. గీ కూర బర్రె గూడ తినది."

"బర్రెకు పెట్టిన మామా. తిన్నది."

మామ నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గుతూ నవ్వాడు. అత్త చెంబు కింద పెట్టి ఆయన వీపు రాసింది. "నువ్వు తింటివా?" అన్నాడు, ఈసారి తలుపు వైపు చూసి.

"తిన్న. మస్తు సప్పగున్నది."

"మరి మీ అత్త... నేను తిడితే గామె నీకేం చెప్పె?"

"మంచిగుందన్నవని చెప్పె."

మామ అత్త వైపు తిరిగాడు. "నేనెన్నడన్న గంత మంచిగ మాట్లాడిన్నానే?"

"నలభై ఏండ్ల సంది మాట్లాడలే," అంది అత్త. "గందుకే నేను మాట్లాడిన."

ఆ రోజు నుంచి నేను తలుపు పక్కన నిలబడి అడిగేదాన్ని, ఆయన చెప్పేవాడు. ఊళ్లో ఇద్దరు ముగ్గురు ముక్కు మీద వేలేసుకున్నారు. అత్తే వాళ్ల నోరు మూయించింది. "మీ ఇంట్ల మనిషి మంచాన పడితె మీరు మొఖం సాటేసుకొని కూసోర్రి" అంది.

కూరగాయలు అవే. మార్చుకోవడానికి వేరే కూరగాయలు లేవు గనుక చేసే తీరు మార్చాను. సొరకాయను నీళ్లలో ఉడికించడం మానేసి, పలుచగా కోసి పెనం మీద అంచులు నల్లబడేదాకా కాల్చి, ఎల్లిగడ్డ దంచి రాశాను. పొట్లకాయ గొట్టాల్లో వేయించిన ఉల్లిగడ్డ, ధనియాల పొడి కూరాను. బీరకాయ పొట్టు పారేయకుండా పచ్చిమిరపకాయతో వేయించి నూరి, పెట్టేముందు నిమ్మకాయ పిండాను. ఖాలా బగారన్నం నేర్పింది. అందులో ఉప్పు లేని లోటు ఉల్లిగడ్డతో తీర్చాలంది. "ఎర్రగైతే సాలదు బేటీ, ఇంక జెర, ఇంక జెర, మాడెటందుకు ఒక్క గడియ ముందు దించు" అని పిట్టగోడ మీద మోచేతులు పెట్టుకొని వాసనతోనే చెప్పేది. షాజీర తనే కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది. ఆ అన్నం మూత తీస్తే వాసన మాలో ఆకలి లేనివాళ్లకు కూడా ఆకలి పుట్టించేది.

అన్నీ కుదరలేదు. ఒకనాడు తీపి అయితే తింటాడేమోనని సొరకాయలో బెల్లం వేశాను. మామ ఒక్క బుక్క తిని, "ఇది ఏ దేవునికి మొక్కినవ్ బిడ్డా? ఆయనకే పెట్టు" అన్నాడు. ఇంకోనాడు మిరియం ఎక్కువై, ఆయనకు కొలిచి ఇచ్చే నీళ్లు మధ్యాహ్నానికే అయిపోయాయి. సాయంత్రం దాకా నిమ్మచెక్క చప్పరిస్తూ నన్ను తిడుతూ కూర్చున్నాడు. తిట్లు కూడా ఇప్పుడు నేరుగా నాకే వచ్చేవి. అది కూడా నాకు గొప్పగానే అనిపించేది.

ఇన్ని చేసినా సగం కంచమే తినేవాడు. కంచం అంచున చెయ్యి ఆగిపోయేది. ఒకనాడు అడిగాను. "ఇంక ఏం తక్కువైంది మామా?"

ఆలోచించాడు. అంతకుముందు ఆయనను ఆ మాట ఎవరూ అడిగి ఉండరు. "ఉప్పు సంగతి మర్సిపోయిన బిడ్డా, నిజంగ. గని అంతా మెత్తగుంటది. నోట్ల సప్పుడు లేదు. పండ్లున్నయా ఊసిపోయినయా తెల్వకుంటైంది."

ఊరమిరపకాయలో ఆయన వెతుక్కున్నది నాకు అప్పుడు అర్థమైంది. ఉప్పుకు మించి ఆ కరకర కావాలి ఆయనకు.

సర్వపిండి మా ఇళ్లలో అందరూ చేసేదే. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, కారం, ఉప్పు కలిపి గుండ్రటి గిన్నె లోపలి గోడలకు ఒత్తి, వేళ్లతో బొక్కలు పొడిచి, నూనె పోసి, సన్నని సెగ మీద కాల్చేది. అందులో పప్పు తీసేశాను, ఉప్పు తీసేశాను. ఉల్లిగడ్డ సన్నగా తరిగి, ఎల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, జీలకర్ర కచ్చాపచ్చాగా దంచి, కరివేపాకు తుంచి, గోరువెచ్చని నీళ్లతో కలిపాను. మామూలు కంటే పలుచగా ఒత్తాను. పలుచగా ఉంటేనే అడుగు గట్టిపడి పెళుసుగా వస్తుంది. పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి నిప్పుల మీదే ఉంచాను. మూత దగ్గర చెవి పెట్టి వింటూ కూర్చున్నాను. నూనె బుసబుస ఆగి చిటచిట మొదలైతే అయినట్టు.

మొదటిది గిన్నెకు అంటుకొని ముక్కలైంది. ఆ ముక్కలు నేనే తిన్నాను. రెండోది చక్కగా ఊడివచ్చింది, ఎర్రటి అడుగు, బొక్కల చుట్టూ బంగారు రంగు. కొసన చిన్న ముక్క తుంచి రుచి చూశాను. ఇంకొంచెం తుంచాను. అత్త వచ్చి "గిదేంది, సూస్త" అని తనూ ఒక ముక్క తుంచింది. రోగి తిండి ముట్టొద్దన్న ఆమె పట్టింపు ఎటు పోయిందో! మామకు తీసుకుపోయేటప్పటికి సగానికి కొంచెం ఎక్కువ మిగిలింది.

మా మామ ఆ తర్వాత కొన్ని ఎండాకాలాలు చూశాడు. గుర్దలు బాగుపడలేదు, ఆ రోజుల్లో అంతకంటే దారి కూడా లేదు. కానీ తన కాళ్ల మీద పొలం గట్టు దాకా నడిచిపోయేవాడు. కూలీలతో కయ్యం పెట్టుకొనేవాడు, ఆకలేసి ఇంటికొచ్చేవాడు. నేను నలభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకొని, వచ్చీరాని రాతతో వంటలు రాయడం మొదలుపెడితే, ముందు రాసింది ఆ సర్వపిండే.

ఆ సర్వపిండి మొదటిసారి పెట్టిన మధ్యాహ్నం తలుపు పక్కన నిలబడి నేను ఏమీ అడగలేదు. వింటూ నిలబడ్డాను. కర్ మంది. మళ్లీ కర్ మంది. ఆయన తిట్టలేదు, దూలం వైపు చూడలేదు. కంచం మీదికి వంగి తిన్నాడు. అడుగున రాలిన పొడి కూడా వేళ్లతో అద్దుకొని నాకాడు. అత్త గోడకు ఆనుకొని ఆయన దవడ కదలడమే చూస్తోంది.

కంచం తలుపు వైపు నెట్టాడు. నేను అలవాటు కొద్దీ భయపడ్డాను.

"ఇంక తేపో."

"అయిపోయింది మామా."

"గింతేనా? గిన్నెడు చేసినవ్ కద, వాసన గిక్కడిదాక వచ్చె."

"నేను రుచి సూసిన," అన్నాను. "అత్త గూడ సూసింది."

"రుచి సూసుడంటె గంత సూస్తరా?" మామ అత్త వైపు, నా వైపు కోపంగా చూశాడు. ఆకలితో ఉన్న మనిషి కోపం అది. దాన్ని ఆ ఇంట్లో చూసి చాలా రోజులైంది. "రోగిస్టోని నోటికాడిది గుంజుకుంటరా ఇద్దరు కలిసి? ఆ?"

అత్త గోడకు ఆనుకొనే కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "పోవే పిల్లా, జల్దీ పో, పిండి తడుపు" అని నన్ను తోసింది.

నేను దొడ్లోకి పరుగెత్తి నిప్పులు ముందుకు లాగాను.